మూడు పళ్ళు మిగిలాయి

ఎనిమిదో తరగతిలో కబడ్డీ ఆడుతుంటే ఎవరిదో మోచెయ్యి తగిలి పై ముందు పన్ను ఒకటి కదిలింది. వారంలో నొప్పి పోయింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి అది మెల్లగా బూడిదరంగుకి తిరిగింది, నేను పట్టించుకోలేదు. పోయినేడాది ముక్కు కింద, పెదవి లోపల శనగగింజంత గట్టిగా తగిలింది. నెలలోనే పెద్దదయ్యి, నొక్కితే నోట్లోకి ఉప్పగా నీరు వచ్చేది.

మొదట చూపించిన చోట ఎక్స్‌రే తీసి, దవడ ఎముకలో సిస్ట్, అంటే నీరు నిండిన తిత్తి ఉంది, దాని నీడలో నాలుగు పళ్ళ వేర్లు కనబడుతున్నాయి కాబట్టి నాలుగింటికీ రూట్ కెనాల్ (పంటి లోపలి నరం తీసేసి నింపడం) చేసి ఆపరేషన్ చేద్దామన్నారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే మూడు పళ్ళు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. నొప్పి లేని పంటికి రూట్ కెనాల్ ఎందుకు? నిద్ర పట్టలేదు. అక్క "ఇంకో డాక్టర్‌కి చూపించకుండా ఒప్పుకోకురా" అని మరో ఊరికి తీసుకెళ్లింది.

అక్కడ రూట్ కెనాల్ స్పెషలిస్ట్ మేడమ్ ముందు చేసిన పని చాలా చిన్నది. దూదిమీద చల్లటి స్ప్రే కొట్టి ఒక్కో పంటికీ ఆనించారు. "జివ్వుమంటే చెయ్యి ఎత్తండి" అన్నారు. నల్లబడ్డ పంటికి ఏమీ తెలియలేదు, మిగతా మూడింటికీ చెయ్యి ఎత్తాను. కరెంట్‌తో చేసే పరీక్షలోనూ అంతే. చచ్చిపోయిన పన్ను ఒక్కటే, సిస్ట్ దాని వేరు కొసనుంచే పుట్టింది, మిగతావి పక్కన ఉన్నందుకే ఎక్స్‌రేలో ఇరుక్కున్నట్టు కనిపిస్తున్నాయి అన్నారు. ఎక్స్‌రే లోతు చూపించదు, ముందూ వెనకా ఉన్నవి ఒకదాని మీద ఒకటి పడతాయి. లోతు కూడా చూపించే సీబీసీటీ స్కాన్‌లో చూస్తే కోరపన్నుకీ, పక్కనున్న ముందు పన్నుకీ సిస్ట్‌కి మధ్య ఎముక ఉంది. నల్లబడ్డ పంటికీ కోరపన్నుకీ మధ్యలో ఉన్న పన్ను వేరు కొస మాత్రం నిజంగానే సిస్ట్ లోపల ఉంది.

ఆ ఒక్క పన్ను దగ్గరే ఇద్దరు డాక్టర్లకి మాట కలవలేదు. సిస్ట్ గోకేటప్పుడు ఆ కొసకి వెళ్లే రక్తనాళాలు తెగే ప్రమాదం ఉంది, చచ్చిన పన్ను అక్కడే ఉండిపోతే మళ్లీ ఇన్ఫెక్షన్, కాబట్టి ముందే రూట్ కెనాల్ చేసేద్దాం అన్నది ఆపరేషన్ చెయ్యబోయే సర్జన్ గారి మాట. బతికున్న పన్నుని ఊహతో చంపొద్దు, తర్వాత చచ్చిపోతే అప్పుడైనా రూట్ కెనాల్ చెయ్యొచ్చు, చేసిందాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేం అని మేడమ్. ఇద్దరి మాటా నిజమే. చివరికి నన్నడిగారు. ప్రతి చెకప్‌కీ తప్పకుండా వస్తానని మాటిచ్చి వేచి చూద్దామన్నాను.

నల్లబడ్డ దానికి రూట్ కెనాల్ చేశాక, మత్తు ఇంజెక్షన్‌తోనే చిగురు తెరిచి తిత్తి మొత్తం తీశారు, ఆ పంటి వేరు కొస కొంచెం కోసి మూసేశారు. ముఖం వాచి వారంపాటు పెరుగన్నం, రాగిజావ. తీసిన తిత్తిని బయాప్సీకి పంపారు, ఎందుకంటే చూడటానికి ఒకేలా ఉన్నా కొన్ని రకాల సిస్టులు మళ్లీ మళ్లీ వస్తాయట. రిపోర్ట్ వచ్చేదాకా టెన్షన్ మామూలుగా లేదు. మామూలు సిస్టే అని వచ్చింది, ఫోన్‌లో అక్క ఏడ్చేసింది.

తర్వాత అసలు పరీక్ష. మూడో నెలలో స్ప్రే పెడితే ఆ మధ్య పన్ను పలకలేదు. నా గుండె జారిపోయింది. మేడమ్ మాత్రం తట్టి చూశారు, రంగు చూశారు, ఎక్స్‌రే చూశారు, "ఆపరేషన్‌లో నరాలు దెబ్బతింటే కొన్నాళ్లు స్పర్శ ఉండదు, అంతమాత్రాన చచ్చిపోయినట్టు కాదు, తొందరపడొద్దు" అన్నారు. రంగు మారినా, నొప్పి వచ్చినా, ఎక్స్‌రేలో వేరు కొస చుట్టూ నల్లగా కనిపించినా అప్పుడు చూద్దామన్నారు.

ఏడో నెలలో వేసవి. ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ తాగుతుంటే ఆ పన్ను ఒక్కసారిగా జివ్వుమంది. గ్లాసు పక్కన పెట్టి, మళ్లీ ఒక గుక్క తాగి చూసి, అక్కకి ఫోన్ చేశాను.