ఆకలి ఒకటే, అన్నం వేరు

మా చిత్తూరు వైపు ఇంటికొచ్చిన వాళ్ళను "కాఫీ తాగుతారా?" అని అడగరు. అడిగితే పెట్టడం ఇష్టం లేదని అర్థం. కూర్చోమని చెప్పి పొయ్యి మీద పాలు పెట్టేస్తారు. వచ్చినవాళ్ళు "ఇప్పుడే తాగొచ్చినాం, ఎందుకమ్మా నీకు శ్రమ" అంటారు. అనాలి కూడా. ఆ "వద్దు"ను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మా అమ్మ డాలస్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు పక్కింటావిడ పిలిచింది. చాలా మంచి మనిషి. నేను ఆఫీసులో ఉన్నాను కాబట్టి మా పాప అవ్వను తీసుకెళ్ళింది. ఆవిడ "కాఫీ తీసుకుంటారా?" అని అడిగింది. అమ్మ "వద్దమ్మా" అంది. పాప ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ సరేనని తన కప్పు మాత్రం నింపుకొని వచ్చి ఎదురుగా కూర్చుంది. సాయంత్రం నేను ఇంటికి రాగానే అమ్మ అన్న మాట: "మనిషి బంగారమే గానీ మే, మర్యాద తెలీదు పాపం."

వద్దన్న మనిషి మీద బలవంతం చేయడం ఆ పక్కింటావిడ లెక్కలో అమర్యాద. తన మాటకు ఎదుటివాళ్ళు విలువివ్వాలని ఆమె కోరుకుంటుంది, అమ్మ మాటకూ అలాగే విలువిచ్చింది. అమ్మ కూడా తమ వీధిలో తనతో ఎలా ఉంటారో అలాగే ఉంది. ఎదుటివాళ్ళను నీలాగే చూసుకో అన్న నియమాన్ని ఇద్దరూ పాటించారు. అయినా అమ్మకు కాఫీ దక్కలేదు.

ఈ నియమం నాకు బళ్ళో తిక్కన పద్యంగా వచ్చింది. "ఒరులేయవి యొనరించిన నరవర! యప్రియము తన మనంబున కగు..." ఎవరేం చేస్తే నీ మనసుకు కష్టమో, దాన్ని నువ్వు ఇంకొకరికి చేయకు, ధర్మమార్గాలన్నిటికీ ఆధారం ఇదే అంటాడు. కన్ఫ్యూషియస్ చెప్పిందీ చేయవద్దనే. మా పిల్లలు మాత్రం డాలస్‌లో బడి గోడ మీద దీన్ని ఇంకో రకంగా చదివారు: నీకేం చేయాలని కోరుకుంటావో ఎదుటివాళ్ళకు అది చెయ్యి. మత్తయి సువార్త ఏడో అధ్యాయంలోని మాట అది. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి. పిల్లల్ని పెంచుతుంటే తెలిసింది, మానుకోమన్నప్పుడు ఎదుటి మనిషికి కాస్త చోటు మిగులుతుంది. చేయమన్నప్పుడు నా ఇష్టం పోయి వాడి నోట్లో పడుతుంది. ఇంగ్లీషు నాటకాల రచయిత బెర్నార్డ్ షా 1903లోనే ఈ మాటను ఎదిరించాడు: ఇతరులు నీకు ఏం చేయాలని కోరుకుంటావో అది వాళ్ళకు చేయకు, వాళ్ళ రుచులు వేరై ఉండొచ్చు అని.

రుచి వేరైతే సర్దుకోవచ్చు. మా చిన్నోడిది ప్రాణం మీదికొచ్చే సంగతి. జీడిపప్పు వాడికి పడదు. చిన్న పలుకు నోట్లో పడినా గొంతు వాచి ఊపిరాడదు. అలాంటప్పుడు వెంటనే పొడవాల్సిన మందు సూది, ఎపిపెన్, ఎప్పుడూ నా సంచీలో ఉంటుంది. ఇక తిరుపతి లడ్డు అంటే సెనగపిండి, నెయ్యి, చక్కెర, ఏలకులు, కిస్‌మిస్‌లతో పాటు జీడిపప్పు. తిరుపతి బైరాగిపట్టెడలో అమ్మావాళ్ళింట్లో ఉన్నామంటే కొండకు పోయొచ్చిన వాళ్ళు ఎవరో ఒకరు ప్రసాదం తేకుండా రోజు గడవదు.

ఒక పొద్దున పక్కింటి అత్త వచ్చింది. తలనీలాలిచ్చిన గుండు మీద చందనం ఇంకా తడిగానే ఉంది. గడపలోనే నిలబడి లడ్డు చిదిపి, అందులో జీడిపప్పు పలుకు ఉన్న ముక్కనే ఏరి మావాడి వైపు చాపింది. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకొని "నాకొద్దు" అన్నాడు. మాటలొచ్చినప్పటి నుంచీ వాడికి మేం నేర్పిన మాట అది. అత్త ముఖం మాడిపోయింది. "స్వామి ప్రసాదాన్ని వద్దంటారా నాయనా? కళ్ళు పోతాయి. ప్రసాదం ఎవుర్నీ ఏమీ చెయ్యదు, తిను." ఆమెను తప్పుపట్టడం నా వల్ల కాదు. రాత్రంతా క్యూలో నిలబడి తెచ్చుకున్నదాంట్లో అన్నిటికంటే మంచి ముక్క ఆ పిల్లవాడికి ఇవ్వబోయింది. తనకు ఎవరైనా ఇస్తే ఎంత సంతోషపడేదో అంత ప్రేమతో ఇచ్చింది.

అమ్మే మధ్యలోకొచ్చింది. "వాడికి జీడిపప్పు పడదు అత్తా, ఊపిరి ఆగిపోతాది. కలకండ ఉంటే దేవుని ముందర పెట్టి ఇయ్యి, తింటాడు." అత్త ఒక్క నిమిషం మావాడినే చూసింది. తర్వాత ఇంటికిపోయి చేతులు కడుక్కొని, ఒక కలకండ పలుకు తులసాకుతో సహా తెచ్చి నోట్లో పెట్టింది. "ముందే చెప్పుంటే ఇదే తెచ్చుందునే" అంది. ఇప్పుడు ఆ వీధిలో వాడి పేరు కలకండ పిల్లోడు.

డాలస్‌లో నాకు తెలిసిన తల్లిదండ్రులు చాలామంది దీనికి మందు ఒకటే అంటారు: అడగండి, పిల్లలకు అడగడం నేర్పండి. అంత సులువు కాదు. అడగడమే అవమానమయ్యే ఊరు మాది, కాఫీ సంగతి చెప్పాను కదా. అందుకే మా పిల్లలకు కొన్ని అడిగి తెలుసుకోమని, కొన్ని కనిపెట్టి తెలుసుకోమని చెబుతాను. తాత ఎప్పుడు మాట్లాడతాడు, ఎప్పుడు మాట్లాడడు? అవ్వ "వద్దు"లో ఏది నిజం వద్దు? ఇది పెద్దవాళ్ళకూ వస్తుంది. మళ్ళీ డాలస్ వచ్చినప్పుడు పక్కింటావిడ అడగ్గానే మా అమ్మ "ఎస్, ప్లీజ్" అనేసింది.

కన్నబిడ్డల దగ్గర ఇది ఇంకా కష్టం. మాలాంటి వాళ్ళం చిన్నప్పుడు మాకు దక్కనివన్నీ పిల్లలకు పెడుతుంటాం. బడి నుంచి వచ్చేసరికి గడపలో అమ్మ నిలబడి "ఎట్ల జరిగింది?" అని అడగాలని నాకు ఎంత ఆశగా ఉండేదో. మా పాపకు బడి నుంచి రాగానే కావాల్సింది ఓ అరగంట మౌనం. నా ఆశ మీద నాకెంత మమకారం ఉన్నా అది నా చిన్నప్పటిది, దానిది కాదు.

ఇంతవరకూ నా ఆలోచన తిన్నగానే నడిచింది. పలమనేరు వైపు పల్లెలో మా పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడు మా పాప ఒక గ్లాసు చూసింది. పిట్టగోడ మీద బోర్లించిన స్టీలు గ్లాసు. ఆవుల దగ్గర పేడ ఎత్తే ఆమె పని అయ్యాక దాన్ని తనే తీసుకుని, తనే కడుక్కుని, అరుగు కింద నిలబడింది. పెద్దమ్మ అరుగు మీద నుంచి, చెంబు గ్లాసుకు తగలకుండా, ఎత్తి కాఫీ పోసింది. పాప ఎందుకని అడిగితే "వాళ్ళకలవాటే తల్లీ, లోపలికి రమ్మన్నా రారు" అంది. పాప నా వైపు తిరిగి మెల్లగా అడిగింది: "ఆమెకు అట్లే ఇష్టమా?"

నేను నేర్పిన మాటే అది, ఎవరి ఇష్టం వాళ్ళదని. ఆ మాట ఎక్కడికి పోగలదో అప్పుడు కనబడింది. "వాళ్ళకలవాటే" అన్నది కూడా మనుషులు వేరువేరు అన్న మాటే కదా. అంటరానితనాన్ని రాజ్యాంగంలోని 17వ అధికరణ రద్దుచేసి 1950 నుంచీ ఇన్నేళ్ళయింది, ఆ గ్లాసు ఇంకా గోడ మీద ఉందంటే దాన్ని నిలబెట్టింది ఈ మాటే. ఇక్కడ రుచుల లెక్క పనికిరాదు. ఇక్కడ తిక్కన పద్యమే కావాలి, అక్షరం మార్చకుండా. నేను అడిగాను: "పెద్దమ్మా, డాలస్‌లో మా పక్కింటోళ్ళు నీకు కాఫీ ఇట్ల గోడ మీది గ్లాసులో, కింద నిలబెట్టి పోస్తే తాగుతావా?" పెద్దమ్మ జవాబు చెప్పలేదు. పనామె కూడా నా వైపు చూడకుండా గ్లాసు కడిగి గోడ మీద పెట్టి వెళ్ళిపోయింది. నేనడిగింది ఆమెకు మేలు చేసిందో ఇబ్బంది పెట్టిందో నాకింకా తేలలేదు.

మా తిరుపతి కొండ మీద రాగిరేకులకెక్కిన అన్నమయ్య కీర్తనల్లో ఒకటి ఈ చిక్కు గురించే అనిపిస్తుంది. రాజు నిద్రా బంటు నిద్రా ఒకటే అంటాడు. మంచి అన్నం తినేవాడి ఆకలీ, చెడ్డ అన్నం తినేవాడి ఆకలీ ఒకటే అంటాడు. తినే తిండి ఒకటే అనలేదు చూడండి, ఆకలి ఒకటే అన్నాడు. పిల్లలకు ఇప్పుడు ఇలా చెబుతున్నాను: ఎదుటి మనిషికి ఏం కావాలన్నది నిన్ను చూసుకొని తేల్చుకోవద్దు, వాళ్ళనే తెలుసుకో. వాళ్ళను మనిషిగా చూడాలా వద్దా అన్నప్పుడు మాత్రం నిన్ను చూసుకుంటే చాలు. పాపకు ఇది అర్థమైంది. చిన్నోడు ఇంకా లడ్డు దగ్గరే ఉన్నాడు, వాడి వయసుకు అది చాలు.

వచ్చే ఎండాకాలం సెలవుల్లో మళ్ళీ పలమనేరు పోవాలి. ఈసారి ముందే పెద్దమ్మకు ఫోన్ చేశాను. మేం వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ ఒకే వరసలోని గ్లాసులు తీయమన్నాను, ఆవుల దగ్గర పనిచేసే ఆమెతో సహా. అట్ల కాకపోతే మాకూ కాఫీ వద్దన్నాను, ఇది నిజం వద్దు అని కూడా చెప్పాను. పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. "ముందు పిల్లోళ్ళను తీసుకొని రా మే, చూద్దాం" అంది.