రెక్క కన్నా ముందు బల్ల

సొంతంగా విమానం కడుతున్నానంటే అందరూ ముందు ఇంజన్ సంగతే అడుగుతారు. ఇంజన్ డబ్బు పెడితే వస్తుంది. రెక్కను మాత్రం మెలిక లేకుండా మన చేతులతోనే నిలబెట్టుకోవాలి. బెంగళూరు పీణ్యాలో అద్దె షెడ్డులో మా జెనిత్ సిహెచ్ 701 ఎడమ రెక్క ఈమధ్యే పూర్తయింది. క్రిస్ హెయింట్జ్ 1980ల్లో డిజైన్ చేసిన రెండు సీట్ల విమానం ఇది. 6061-టి6 అల్యూమినియం రేకు, ఒకవైపు నుంచే బిగించే పుల్ రివెట్లు. ఓపిక ఉన్నవాడు ఇంట్లో కట్టుకోగలిగే పద్ధతి.

విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్‌లో షీట్ మెటల్ పనిచేసి రిటైరైన హిందూపురం పెద్దాయన ఒకరు మాకు తోడున్నారు. నేను బాబాయ్ అంటాను. స్పార్, అంటే రెక్క పొడవునా ఉండే దూలం, ముట్టుకోనివ్వకుండా ముందు బల్ల సంగతి చూడమన్నారు. "బల్ల ఎట్లుంటే రెక్క అట్లే వస్తాది నాయనా, తొందరపడొద్దు" అన్నారు. ఇనప ఫ్రేము మీద మందపాటి ప్లైవుడ్ వేసి, మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో నాలుగు మూలలూ మట్టం చూసి, కాళ్లను నేలకు బోల్టులతో బిగించాం. చాలామంది విసుక్కునేది ఇక్కడే. నా మటుకు నాకు మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే.

ఎందుకంటే స్పారుకు రిబ్బులు, అంటే రెక్కకు ఆకారమిచ్చే అడ్డ ముక్కలు, తగిలించాక కూడా ఆ చట్రం చేత్తో మెలిపెడితే తిరిగిపోతుంది. ముందంచు రేకు చుట్టుకొచ్చి స్పారుకు పైనా కిందా రివెట్ అయ్యాకే అది మూసిన గొట్టమవుతుంది, బిగుసుకుంటుంది. ఆ క్షణాన లోపల మెలిక ఉంటే ఇక అది పోదు. మీటరు వెడల్పుకు 17 మిల్లీమీటర్లు తేడా వస్తే ఒక డిగ్రీ మెలిక. రెండు రెక్కల మధ్య అంత తేడా ఉంటే విమానం గాల్లో ఒక పక్కకే ఒరుగుతూ ఉంటుంది, పైలట్ స్టిక్ పట్టుకుని దాన్ని ఆపుతూనే ఉండాలి. అందుకే మొదటి రిబ్బుకూ చివరి రిబ్బుకూ తూకం గుండ్లు వేలాడదీసి, బల్ల మీద గీసిన గీతలతో సరిపోయేదాకా సన్నటి చెక్కలు పెట్టి సర్దాం.

రేకు మీద పెన్సిల్ వాడకూడదు, గ్రాఫైట్ తగిలిన చోట అల్యూమినియం తినేస్తుంది. సూదితో గీస్తే ఆ గీత నుంచే పగులు మొదలవుతుంది. సన్న మార్కరే మంచిది. ముందు చిన్న రంధ్రాలు వేసి, రేకుల్ని తాత్కాలికంగా పట్టి ఉంచే క్లీకో పిన్నులు గుచ్చి, తర్వాత అసలు సైజుకు పెంచాం. 1/8 అంగుళం రివెట్‌కు 30 నంబరు డ్రిల్ బిట్, రాగి రంగు క్లీకో. 5/32కి 20 నంబరు బిట్, నల్ల క్లీకో. అన్నీ అయ్యాక మళ్లీ రేకు విప్పి, ప్రతి రంధ్రం అంచునా లేచిన గరుకు (బర్) గీకేసి, మధ్యలో ఇరుక్కున్న పొట్టు తుడిచి, ప్రైమర్ కొట్టి తిరిగి బిగించాం. అది వదిలేస్తే రేకులు ఒకదానికొకటి ఆనవు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. అల్యూమినియం మీటరుకు పది డిగ్రీల వేడికి 0.23 మిల్లీమీటర్లు సాగుతుంది. మూడున్నర మీటర్ల రేకుకు ఎండ తగిలి, స్పారు నీడలో చల్లగా ఉంటే రంధ్రాలు మిల్లీమీటరుకు దగ్గరగా తప్పుతాయి. అందుకే రేకు పని తెల్లవారుజామున, షెడ్డులో అన్నీ ఒకే చల్లదనంలో ఉన్నప్పుడే పెట్టుకున్నాం.

రివెట్లు మధ్య నుంచి అంచులకు కొట్టుకుంటూ పోయాం, రేకు ఉబ్బకుండా. గన్ నొక్కగానే రివెట్ మధ్యలోని సన్న చువ్వ టక్కున తెగుతుంది. తల కింద కాగితం దూరుతుందేమో చూసి, దూరితే తొలిచి తీసి కొత్తది వేయాలి. ఆ పని బాబాయ్ ఎవరికీ అప్పజెప్పలేదు, ప్రతి తలా ఆయనే చూశారు.

రేకు మూశాక గుండ్లు మళ్లీ వేలాడదీస్తే గీతల మీదే నిలిచాయి. కుడి రెక్క కూడా ఆ గీతలు చెరపకుండా అదే బల్ల మీద మొదలుపెట్టాం. ముందంచుకు బిగించే స్లాట్లు, వెనకంచున కదిలే ఫ్లాపెరాన్‌ల బ్రాకెట్లు రెండు రెక్కలూ అయ్యాకే.