లిస్బన్‌లో జారే రాయి, పోర్తోలో నిలిచే రాయి

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో రోసియో కూడలికి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. నలుపు తెలుపు రాళ్లతో అలలు పరిచిన ఆవరణ అది, 1849లో పూర్తయింది. చూడటానికి ఎంత ముచ్చటగా ఉంటుందో, తడిస్తే నడవడానికి అంత గండం. జారుడు అడుగు పెట్టడంలో లేదు, రాతిలోనే ఉంది. అక్కడి తెల్లరాళ్లు సున్నపురాయి, అంటే మన తాండూరు, బేతంచెర్ల నాపరాళ్ల జాతి. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో అది 3 దగ్గర ఆగిపోతుంది. చెప్పుకు అంటుకున్న ఇసుక రేణువుది 7. రోజూ వేలమంది తొక్కుతూ పోతే దారి తనంతట తనే పాలిష్ అవుతుంది.

ఈ కాలిబాటల పని 1842లో లిస్బన్‌లోనే ఉన్న సెయింట్ జార్జ్ కోటలో ఖైదీల చేత మొదలైంది. ఇప్పుడు పనివాళ్లను తయారుచేయడానికి నగరపాలక సంస్థకు 1986 నుంచి ఒక బడి ఉంది. కోట దిగువ సందులో మరమ్మతు జరుగుతుంటే చాలాసేపు నిలబడి చూశాను. ఎడమచేతిలో 5 సెంటీమీటర్ల రాయి, కుడిచేతిలో సుత్తి. పక్కరాయికి పొందేలా రెండు దెబ్బలు, రాతిపొడి పరుపు మీద కూర్చోబెట్టడం, సందుల్లోకి పొడి ఊడ్చడం, తడపడం, చెక్క దిమ్మిసతో కొట్టడం. అంతే.

చెడేచోటు కూడా అక్కడే కనిపిస్తుంది. ఒక రాయి ఊడితే పక్కవాటికి ఆసరా పోతుంది, పళ్ల వరసలాగే. చెట్టు వేళ్లు లేపిన చోట, కాలిబాట మీదికి కార్లు ఎక్కించిన చోట గుంటలు పడ్డాయి. 5 సెంటీమీటర్ల రాయి మనిషి బరువుకే గాని చక్రానికి కాదు.

అదే దేశంలోని పోర్తోకు అక్కణ్నుంచి రైలులో మూడు గంటల ప్రయాణం. దిగగానే కాలికింద రాయి మారిపోయింది. ఆ ప్రాంతమంతా గ్రానైటే కాబట్టి వీధులకూ అదే పరిచారు. దోరు నది వైపు దిగే నిటారు వీధుల్లో, తడిమీద కూడా, చెప్పు పట్టు వదల్లేదు. గ్రానైట్‌లో గట్టి, మెత్తని ఖనిజాలు కలిసి ఉండటం వల్ల అరిగినా గరుకు పూర్తిగా పోదు.

ఇంటి గేటు నుంచి పోర్టికో దాకా కారుదారికి నేనైతే పోర్తో పద్ధతే ఎంచుకుంటాను. మనకు గ్రానైట్ కరువా? కరీంనగర్ ఉంది. చీమకుర్తిలాంటి నల్లరాయి మాత్రం వద్దు, మే నెల ఎండలో చెప్పుల్లేకుండా గేటు దాకా వెళ్లి చూస్తే ఎందుకో తెలుస్తుంది. పైముఖం కోసినదో పాలిష్ పెట్టినదో కాకుండా చీల్చినది కావాలి. రెండు రాళ్లు తాటిస్తే కంగుమనాలి. మొద్దుగా మోగితే లోపల పగులుందని అనుమానించండి. అడుగు సన్నబడి కోసుగా ఉన్న రాయి చక్రం ఎక్కగానే ఒరుగుతుంది, తీసి పక్కన పెట్టండి. గ్రానైట్ అని చెప్పి అమ్మేదాని మీద బాత్‌రూమ్ యాసిడ్ ఒక్క చుక్క వేస్తే, నురగ వస్తే అది సున్నపురాయి.

లెక్క ఇలా ఉంటుంది. 10 సెంటీమీటర్ల దిమ్మెలు, మధ్య ఒక సెంటీమీటరు సందు అనుకుంటే చదరపు మీటరుకు సుమారు 83 రాళ్లు, 220 కిలోల పైన బరువు. తరుగుతో కలిపి చదరపు అడుగుకు 8 రాళ్లు వేసుకోవచ్చు. పది అడుగుల చదరానికి 800 రాళ్లు, రెండు టన్నుల పైచిలుకు. నడకదారికైతే 5 సెంటీమీటర్లవి చాలు.

అసలు బరువు మోసేది మాత్రం కింది పరుపే. కారుదారికి అడుగు లోతు తవ్వాలి. నల్లరేగడి అయితే ఇంకా లోతుగా తీసి మొరంతో నింపాలి, లేకపోతే వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంగుతుంది. దాని మీద 15 నుంచి 20 సెంటీమీటర్ల కంకర, రెండు పొరలుగా, ఒక్కో పొరనూ విడిగా దిమ్మిస చేయాలి. ఒకేసారి పోసి కొడితే పైభాగమే బిగుస్తుంది. ఆపైన 4 సెంటీమీటర్ల క్రషర్ డస్ట్, అంటే రాతిపొడి. వాలు మీటరుకు 2 సెంటీమీటర్లు. అంచురాళ్లను కాంక్రీటులో ముందే బిగించాలి, అవి కదిలితే వరసలన్నీ కదులుతాయి. ర్యాంప్ ఉంటే కిందినుంచి పైకి పేర్చుకు రావాలి, వరసలు చక్రం నడిచే దిశకు అడ్డంగా ఉండాలి. దిమ్మిసకు ముందు రాళ్లు ఒక సెంటీమీటరు ఎత్తుగా ఉంటే కొట్టాక మట్టానికి వస్తాయి.

మన మేస్త్రీలు చేసే పొరపాటు ఒకటుంది. డస్ట్ మీద పేర్చి, సందుల్లో సిమెంటు కూరుతారు. కింద పరుపు కదులుతుంది, పైన సిమెంటు కదలదు. మొదటి ఏడే వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. నీళ్లు లోపలికి దిగుతాయి గాని బయటికి రావు, చక్రం ఎక్కినప్పుడల్లా డస్ట్ బురదై పైకి ఎగజిమ్ముతుంది. సిమెంటు సందులే కావాలంటే కింద కాంక్రీటు బెడ్ వేయాల్సిందే.

పరిచిన మూడు వారాలకు ఒకసారి, తర్వాత ప్రతి వానాకాలం అయ్యాక సందుల్లో పొడి తగ్గిన చోట మళ్లీ ఊడ్చాలి. సగం ఖాళీ అయిన సందులోనే గడ్డి మొలుస్తుంది. గింజ కట్టకముందే పీకేయాలి. ప్రెషర్ వాషర్‌తో సందుల్లోకి నేరుగా కొట్టకండి, ఏటవాలుగా పట్టండి. నాపరాళ్లు పరిచిన చోట యాసిడ్ ముట్టుకోవద్దు, మరకతో పాటు రాతినీ తింటుంది. ఆయిల్ కారితే వెంటనే రంపపు పొట్టు చల్లి, పీల్చుకున్నాక ఊడ్చేయాలి.

గుంట పడితే ముందు నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో చూడాలి. చూరునీళ్లో, కారుతున్న పైపో ఉంటుంది. అది ఆపాక గుంటలోని రాళ్లతోపాటు చుట్టూ ఇంకొక వరస కూడా ఎత్తి, డస్ట్ నింపి, సెంటీమీటరు ఎత్తుగా పేర్చి కొట్టాలి. ఆ పనికని అదే లోడులోంచి ముప్పై రాళ్లు మెట్లకింద దాచుకోండి, తర్వాత కొన్నవి రంగు కలవవు.