దసు తెలిసినవాళ్లకు ఔట్ సగం వచ్చినట్టే

జపాన్‌లో పరీక్షలకు చదివే పిల్లలు ‘పుట్ అప్ విత్’ లాంటి ఫ్రేజల్ వర్బ్ (క్రియకు అప్, ఔట్ లాంటి చిన్న మాట తగిలించినది) పక్కన ‘ఎండ్యూర్’ అని రాసుకుని, దాని పక్కన ‘గమన్ సురు’ (ఓర్చుకోవడం) అని అర్థం పెట్టుకుని బట్టీ పడతారు. పరీక్షలో ఖాళీ నిండుతుంది. తీరా మాట్లాడాల్సి వస్తే నోటికి ఎండ్యూరే వస్తుంది. పోస్ట్‌పోన్, క్యాన్సిల్, ఇన్వెస్టిగేట్ గడగడా అనేవాళ్లు పుట్ ఆఫ్, కాల్ ఆఫ్, లుక్ ఇంటూ దగ్గర ఆగిపోతారు. ఆన్‌లైన్‌లో జపనీయులకు ఇంగ్లీషు చెప్పే మనవాళ్లు కూడా అదే జాబితా మళ్లీ చేతిలో పెడితే పని జరగదు.

పట్టు దొరికేది వాళ్ల భాషలోనే. జపనీస్‌లో చైనా నుంచి వచ్చిన బరువైన మాటలు ఒక వరస, ఇంటి మాటలు ఒక వరస. రిపోర్టు ‘సమర్పించడం’ తెయ్‌షుత్సు సురు, ‘ఇచ్చేయడం’ దసు (అసలు అర్థం బయటికి తీయడం). సబ్మిట్‌కి, హ్యాండ్ ఇన్‌కి ఉన్న తేడా దాదాపు అదే. ఈ ఒక్క జత చూపిస్తే ఫ్రేజల్ వర్బ్ అంటే ఏ రకం మాటో వాళ్లకు వెంటనే అందుతుంది.

ఇంకా పెద్ద ఆసరా ఫుకుగో దోషి, అంటే రెండు క్రియలు అతుక్కుని ఒకటైనవి. అందులో రెండో క్రియ చాలాసార్లు ఇంగ్లీషు తోకమాట (ఔట్, అప్ లాంటిది) చేసే పనే చేస్తుంది. తొరిదసు అంటే టేక్ ఔట్, తొబిదసు అంటే రష్ ఔట్, వరఇదసు అంటే బర్స్ట్ ఔట్ లాఫింగ్. కిరు అంటే కోయడం. త్సుకఇకిరు యూజ్ అప్, తబెకిరు ఈట్ అప్. కయెసు ఉన్నచోట బ్యాక్: ఈకయెసు టాక్ బ్యాక్, తొరికయెసు గెట్ బ్యాక్. హషిరిమవరు రన్ అరౌండ్, యొమితోసు రీడ్ త్రూ.

అందుకని నోటుబుక్కును క్రియల వారీగా కాకుండా తోకమాటల వారీగా రాయించండి. గెట్ కింద ఇరవై రాస్తే ఇరవయ్యీ కలగాపులగం అవుతాయి. ఔట్‌కి ఒక పేజీ, మధ్యలో గీత, ఎడమ పక్క దసుతో కుదిరేవి, కుడి పక్క కుదరనివి. రోజుకు ఐదారు చాలు.

కుడి పక్కే అసలు పాఠం. ఒమొఇదసు అంటే గుర్తు తెచ్చుకోవడం. దసు ఉంది కదా అని ఔట్ తగిలిస్తే తప్పు, అది ఉత్త రిమెంబర్. తిరగేసి చూస్తే, ‘వి రాన్ ఔట్ ఆఫ్ మిల్క్’లో ఔట్ ఉంది, దసు లేదు. వాళ్లు గ్యూన్యూ గ కిరెత, పాలు తెగిపోయాయి అంటారు. (మన ఇళ్లలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం కాబట్టి నవ్వే హక్కు మనకు లేదు.) పుట్ ఔట్ ద ఫైర్, పాస్ ఔట్, లైట్లు గో ఔట్ అవడం కూడా ఈ పక్కకే వస్తాయి. బయటపడే ఔట్ ఎడమకు, మాయమయ్యే ఔట్ కుడికి.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, మనమూ క్రియకు క్రియ అతికిస్తాం. తబెతె మిరు అంటే అక్షరాలా ‘తిని చూడు’. అకెతె ఒకు అంటే ‘తెరిచి ఉంచు’. తబెతె షిమత్త అన్నదాన్ని ‘తినేశాను’ అన్నంత దగ్గరగా ఇంగ్లీషు చెప్పలేదు.

ఇక అప్. ఇది తెలియక కాదు, తెలుసనుకోవడం వల్ల చెడుతుంది. జపనీస్‌లో ‘అప్పు’ అంటే పెరగడం, మెరుగవడం. (మన అప్పు కాదు, అది కూడా పెరిగేదే అయినా.) రిసుతో అప్పు, రెబెరు అప్పు, బాజోన్ అప్పు, కొసుతో దౌన్ (లిస్ట్, లెవెల్, వెర్షన్, కాస్ట్) రోజూ వాడే మాటలు. అవే ఈమెయిల్లోకి దిగి ‘వి లిస్టెడ్ అప్ ద ప్రాబ్లమ్స్’, ‘వి విల్ కాస్ట్ డౌన్’ అవుతాయి. లిస్ట్ ఒక్కటే చాలు. రెండోది కట్ కాస్ట్స్. బాజోన్ అప్పు అప్‌గ్రేడ్. అన్నిటికంటే ప్రమాదం పిక్కు అప్పు, ఎందుకంటే తప్పులా కనిపించదు. వాళ్లకది ఏరడం. ‘ఐ పిక్డ్ అప్ త్రీ క్యాండిడేట్స్’ అంటే వినేవాడికి ముగ్గురినీ కారులో ఎక్కించుకొచ్చినట్టు ఉంటుంది. అక్కడ పిక్డ్ ఔట్ అనాలి.

తర్వాతి చిక్కు ఇట్ ఎక్కడ పెట్టాలన్నది. లైటు ఆర్పమనడానికి జపనీస్‌లో కెషితె అంటే సరి, ‘దాన్ని’ అక్కర్లేదు. అందుకే ముందు ‘ప్లీజ్ టర్న్ ఆఫ్’ అంటారు. దిద్దితే ‘టర్న్ ఆఫ్ ఇట్’ అంటారు. టర్న్ ఆఫ్, పుట్ ఆన్, టేక్ ఆఫ్, త్రో అవే, ఫిల్ ఇన్ లాంటివి ఎనిమిది తీసుకుని ఒక్కోదాన్ని మూడు రకాలుగా అనిపించండి: టర్న్ ఆఫ్ ద లైట్, టర్న్ ద లైట్ ఆఫ్, టర్న్ ఇట్ ఆఫ్. రోజుకు ఐదు నిమిషాలు.

ఏది విడుతుందో (మధ్యలో ఇట్‌ను రానిస్తుందో), ఏది విడదో చెవితో పట్టించవచ్చు. టోక్యో మాటలో హషి అన్నప్పుడు మొదటి అక్షరం పైకి లేస్తే తినే పుల్లలు, రెండోది లేస్తే వంతెన. స్వరం ఎక్కడ లేస్తుందో వినే అలవాటు వాళ్లకుంది. టర్న్ ఇట్ ఆఫ్‌లో ఆఫ్ లేస్తుంది, అది విడేది. లుక్ ఎట్ ఇట్‌లో ఎట్ అణిగిపోతుంది, అది విడదు. అయితే ఎక్రాస్, ఓవర్, ఆఫ్టర్ లాంటి కాస్త పొడుగు మాటలు ఈ పరీక్షకు లొంగవు. కమ్ ఎక్రాస్, గెట్ ఓవర్, లుక్ ఆఫ్టర్ విడవని విడిగా గుర్తుంచుకోవలసిందే.

పలుకు సంగతి. పిక్ ఇట్ అప్‌ను పరాయి మాటలు రాసే కతకన లిపిలో రాస్తే తొమ్మిది మాత్రలు, ఇంగ్లీషులో మూడే దెబ్బలు: పి, కి, టప్. మూడు చప్పట్లకు మించి కొట్టనివ్వకండి. బస్సు, కారు అనే మనకూ చివర అచ్చు అంటుకునే జబ్బే కాబట్టి, చెప్పేవాళ్లు ముందు తమ నోరు విని చూసుకోవడం మంచిది.

జపాన్ టీమ్‌తో పనిచేసేవాళ్లకు ఒక జాగ్రత్త. మూవ్ అప్ ద మీటింగ్ అంటే ముందే పెట్టడం, పుష్ బ్యాక్ అంటే వెనక్కి వాయిదా. వాళ్లకు మొదటిది మఎదఒషి, రెండోది సకినొబషి. అప్, బ్యాక్ విని ఏది ఏదో వెంటనే తేల్చుకోలేరు. మన ప్రీపోన్ వాడితే ఇంకా అయోమయం. ఆ మాట వాళ్ల పాఠాల్లో లేదు. బ్రింగ్ ఫార్వర్డ్ అని, పక్కనే 5 గంటల నుంచి 3 గంటలకు అని పాత టైమూ కొత్త టైమూ రెండూ రాసేయండి.