డిశ్చార్జి అయిన బిడ్డ ఎవరి బాధ్యత?

నెలలు నిండకుండా, ఒకటింపావు కిలో బరువుతో పుట్టిన బిడ్డను వారాల తరబడి ఐసీయూలో కాపాడి ఇంటికి పంపే రోజున, తల్లి చేతిలో పెట్టే డిశ్చార్జి సమ్మరీని ఒకసారి శ్రద్ధగా చదవండి. బిడ్డ వెంటిలేటరు మీద ఎన్ని రోజులు ఉన్నదీ, ఏ యాంటీబయాటిక్ ఏ మోతాదులో ఇచ్చినదీ, రక్తపరీక్షల అంకెలతో సహా అందులో ఉంటుంది. మర్నాటి నుంచి ఆ బిడ్డను చూడవలసిన ఆరోగ్య కేంద్రం నర్సుకు పనికివచ్చే భాగం మాత్రం, చాలా సందర్భాల్లో, చివరి పేజీ అడుగున 'రెగ్యులర్ ఫాలోఅప్' అన్న రెండు మాటలతోనే ముగిసిపోతుంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, దేనికోసం చూడాలో ఆ రెండు మాటలు చెప్పవు.

అలాంటి బిడ్డకు ఇంటికి వెళ్లాక కావలసినవి చిన్న విషయాలు కావు. నెలలు నిండని పిల్లల్లో కంటి రెటీనా రక్తనాళాలు వంకరగా పెరిగి చూపు పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, పుట్టిన నాలుగు వారాల ప్రాంతంలో మొదటి కంటి పరీక్ష జరగాలి, ఆ తర్వాత రక్తనాళాలు పూర్తిగా ఎదిగేవరకు పరీక్షలు కొనసాగాలి. చికిత్స అవసరమని తేలితే ఒకటి రెండు రోజుల్లో, ఆలస్యమైనా 72 గంటల్లోపు అందాలి. వినికిడి పరీక్ష మొదటి నెలలో, లోపం ఉంటే నిర్ధారణ మూడో నెలలోపు, దానికి తగిన సాయం ఆరో నెలలోపు అందాలన్నది ఇప్పుడు చాలా దేశాలు పెట్టుకున్న లక్ష్యం. టీకాలు చాలావరకు పుట్టిన తేదీ లెక్కనే వేయాలి, ముందుగా పుట్టాడని వాయిదా వేయకూడదు. కానీ ఎదుగుదలను మాత్రం రెండేళ్లు వచ్చేవరకు, ముందుగా పుట్టిన వారాలను తీసేసిన సవరించిన వయసుతో చూడాలి. ఈ తేడాను కాగితం మీద రాసి పంపకపోతే, నర్సు టీకాలు ఆపేయవచ్చు, ఆరు నెలల వయసులో బిడ్డ బోర్లా పడటం లేదని తల్లిని అనవసరంగా భయపెట్టనూ వచ్చు. ఈ రెండింటిలోనూ నర్సు తప్పు లేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పిల్లల ఆరోగ్య సేవల సమన్వయం గురించి ఎన్ని మాటలు చెప్పుకున్నా, నా దృష్టిలో అసలు ప్రశ్న ఒక్కటే: బిడ్డ ఒక చోటి నుంచి మరో చోటికి వెళుతున్నప్పుడు, అవతలివారు 'మాకు అందింది, ఇక మేం చూసుకుంటాం' అని చెప్పేవరకు బాధ్యత ఎవరిది? పంపినవారిదే కావాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇప్పుడు ఆ భారం తల్లి మీద పడుతోంది. ఇక్కడి మాట అక్కడ చెప్పడం, అక్కడి మందుల పేర్లు ఇక్కడ గుర్తు చేసుకోవడం, తేదీలు లెక్కపెట్టుకోవడం అన్నీ నిద్రలేని ఆ మనిషి పనే అవుతున్నాయి.

ఆరోగ్య కేంద్రం నుంచి పెద్దాసుపత్రికి పంపేటప్పుడూ ఇదే లోటు కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 1990ల నడుమ రూపొందించిన శిశు వ్యాధుల సమగ్ర చికిత్సా విధానంలో ఈ దశకు స్పష్టమైన క్రమం ఉంది. రెండు నెలలు నిండి ఏడాదిలోపు ఉన్న బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఏడాది దాటిన బిడ్డ 40 సార్లు, లేదా అంతకన్నా ఎక్కువగా ఊపిరి తీస్తుంటే న్యుమోనియాగా అనుమానించాలి. పాలు తాగలేకపోవడం, ఫిట్స్, స్పృహ తగ్గడం వంటి ప్రమాద సంకేతాలుంటే మందు మొదటి మోతాదు అక్కడే ఇచ్చి, చీటీ రాసి వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఆ చీటీలో ఏ మందు ఏ గంటకు ఇచ్చారో ఉంటుంది. కానీ క్యాజువాలిటీలో దాన్ని చూసేవారు లేకపోతే అదే ఇంజెక్షన్ మళ్లీ పడవచ్చు, లేదా అందిందనుకుని మానేయవచ్చు. పంపిన ఆరోగ్య కార్యకర్తకు ఆ బిడ్డ ఏమైందో ఎప్పటికీ తెలియదు. తన అంచనా సరైనదో కాదో తెలియని మనిషి నైపుణ్యం ఎలా పెరుగుతుంది?

పచ్చకామెర్ల విషయం ఇంకా స్పష్టంగా ఉంటుంది. పుట్టిన రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గక, విరేచనం సుద్దలా తెల్లబారితే పైత్యరస నాళాలు మూసుకుపోయాయేమోనని చూడాలి. ఆ జబ్బుకు చేసే కసాయ్ ఆపరేషన్ 60 రోజుల వయసులోపు జరిగితే ఫలితాలు మెరుగ్గా ఉంటాయి. ఆ రంగును ముందుగా గమనించగలిగేది తల్లి, ఆ తర్వాత టీకా వేసే నర్సు. సర్జనుకు ఆ అవకాశం రాదు. తైవాన్ 2004 నుంచి విరేచనపు రంగుల కార్డును పిల్లల ఆరోగ్య పుస్తకంలో చేర్చి దేశమంతటా అమలు చేసింది, జపాన్ 2012లో తన మాతాశిశు పుస్తకంలో చేర్చింది. ఇలాంటి కార్డు పనిచేయాలంటే, దాన్ని చూసి అనుమానించిన నర్సు ఫోన్ చేస్తే అవతల ఎత్తే డాక్టరు ఉండాలి, వారం తర్వాత రమ్మనకుండా వెంటనే రక్తపరీక్ష జరగాలి.

ఆస్తమా వంటి దీర్ఘకాలిక జబ్బుల్లోనూ అంతే. రోజూ వాడవలసిన ఇన్‌హేలరు దగ్గరి కేంద్రంలో దొరకకపోతే, ఆ పిల్లవాడు ఆయాసంతో మళ్లీ క్యాజువాలిటీకే వస్తాడు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. బ్రిటన్‌లో డొనాల్డ్ కోర్ట్ అధ్యక్షతన పనిచేసిన కమిటీ, పిల్లలకు నివారణ సేవలూ చికిత్సా ఒకే వ్యవస్థగా నడవాలని 1976లోనే చెప్పింది. రెండేళ్ల తర్వాత, ప్రాథమిక ఆరోగ్య సేవలపై దేశాలన్నీ కలిసి చేసిన ఆల్మా ఆటా ప్రకటన కూడా ఒకదానికొకటి ఆసరాగా ఉండే రెఫరల్ వ్యవస్థలు కావాలంది. ఇన్నేళ్లయినా ఇది ఆచరణలో వెనకబడటానికి కారణం, ఈ పని ఎవరి డ్యూటీ పట్టికలోనూ లేకపోవడమేనని నా అభిప్రాయం. ఓపీలో చూసిన పిల్లల లెక్క ఉంటుంది, వార్డులో మంచాల లెక్క ఉంటుంది, ఆరోగ్య కేంద్రానికి చేసిన ఫోన్‌కు మాత్రం లెక్క ఉండదు.

కంప్యూటర్లో రికార్డులు కలిపేస్తే సరిపోతుందనే వాదన తరచూ వింటుంటాను. అవసరమే కానీ, రికార్డును తెరిచి చూసే బాధ్యత ఒకరికి అప్పగించనంత కాలం అది మరో అలమారా మాత్రమే. తల్లి దగ్గరుండే మాతాశిశు ఆరోగ్య పుస్తకం విలువ ఇప్పటికీ తగ్గలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇంటి దగ్గరుంచుకునే రికార్డులను సిఫారసు చేసింది కూడా. ఆసుపత్రి డాక్టర్లు ఆ పుస్తకంలో రాయడం తమ పని కాదనుకోవడమే నాకు బాధ కలిగించే సంగతి. అందుకే మొదటి మెట్టుగా రెండు పనులు జరగాలని కోరుకుంటాను. ఒకటి, డిశ్చార్జికి ముందు వార్డు నర్సు ఆరోగ్య కేంద్రం నర్సుతో ఫోన్లో మాట్లాడి, ఎవరితో మాట్లాడిందో ఆ పుస్తకంలో పేరుతో సహా రాయడం. రెండోది, నెలకొకసారి పిల్లల డాక్టరు ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, అక్కడి సిబ్బందితో కలిసి కూర్చుని, ఆ నెలలో పంపిన పిల్లలనూ తిరిగి వచ్చిన పిల్లలనూ ఒక్కొక్కరుగా చర్చించడం. ఈ రెండింటికీ పనివేళల్లోనే సమయం కేటాయించాలి, డ్యూటీ ముగిశాక చేసే సేవగా వదిలేయకూడదు.