పొట్లంలో ఏముందని అడిగారు

మలంలో నెత్తురు పడుతుంటే మూలశంక అనుకొని నాలుగు నెలలు కరక్కాయ పొడితో సరిపెట్టుకున్నాను. హిమోగ్లోబిన్ 8కి పడిపోయాక చిత్తూరులో డాక్టరు గారు, కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ చేయించారు. పేగు ఖాళీ కావడానికి ముందు రోజు మందు పొడి కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగి రాత్రంతా మేలుకోవడం తప్ప అందులో కష్టమేమీ లేదు. పెద్దపేగు ఎడమ వైపున ఉన్న గడ్డ క్యాన్సరేనని బయాప్సీలో తేలింది. కాలేయానికీ ఊపిరితిత్తులకూ పాకలేదు కనుక ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోమని తిరుపతికి రాసిచ్చారు.

నేను తిరుపతికి కాక, మా ఇంటావిడ అన్నగారి వెంట సరిహద్దు పల్లెలో ఉన్న ఒక నాటు వైద్యుని దగ్గరికి వెళ్లాను. "కత్తి తగిలితే అది ఒళ్లంతా పాకుతుంది బావా! చిన్నప్పుడు నీ చెయ్యి పుత్తూరు కట్టుతోనే కదా అతుక్కుంది?" అని బావగారు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. నిజానికి ఉంది. ఎముక తనంతట తానే అతుక్కుంటుంది, దాన్ని కదలకుండా నిలపడమే కట్టు చేసే పని. గడ్డ తనంతట తాను పెరుగుతుందే తప్ప తగ్గదు. 31 ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన నాకు ఈ తేడా అప్పుడు తోచలేదు. పైగా బిళ్లగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సరు మందు తీస్తారని పిల్లలకు చెప్పినవాణ్ని కనుక, ఆకులో మందు ఉండకూడదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

అరవ పేపరులో చుట్టి దారం కట్టిన బూడిదరంగు పొడిని పరగడుపున మజ్జిగలో తాగాలి. ఉప్పు, పులుపు, పప్పు ముట్టకూడదు. రెండు నెలల పథ్యంలో 9 కిలోలు తగ్గాను. గడ్డ కరుగుతున్నందువల్లే బరువు తగ్గుతోందని వైద్యుడు అంటే, బావగారు నా ముందే ఆయనకు దండం పెట్టారు.

చివరికి కడుపు ఉబ్బి, మలం సన్నబడి, తిరుపతి ఆస్పత్రికి చేరాను. నా కేస్ షీట్ రాయడానికి కూర్చున్న నర్సమ్మ నన్ను చూడగానే "సార్, నేను మీ దగ్గర పదో తరగతి చదివాను" అంటూ లేచి నిలబడింది. సర్జన్ గారు బయాప్సీ తేదీ చూసి, ఈ రెండు నెలలు ఏం చేశారని అడిగారు. నేను సంచిలోని పొట్లాలను బల్ల మీద పెట్టాను. ఆయన కేకలు వేస్తారనుకున్నాను, వేయలేదు. "చెట్ల మందంటే మాకు పగేమీ లేదు మాస్టారూ. పెద్దపేగు క్యాన్సరుకు వాడే ఇరినోటెకాన్‌కు మూలం ఒక చైనా చెట్టే. కానీ అందులో ఏముందో, ఎంత ఎత్తు, బరువు ఉన్న మనిషికి ఎన్ని మిల్లీగ్రాములివ్వాలో మాకు తెలుసు. ఈ పొట్లంలో ఏముంది?" అన్నారు. నాకు తెలియదు. తలుపు దగ్గర పది మంది రోగులు చూస్తుండగా, పాఠం అప్పజెప్పలేని పిల్లవాడిలా నిలబడ్డాను. ఆ అమ్మాయి తల దించుకొని "రెండు నెలలు నాటు మందు" అని రాసుకుంది. ఆ పొడులను దాచకుండా తీసుకెళ్లడమొక్కటే ఆ రెండు నెలల్లో నేను చేసిన తెలివైన పని. ఎవరైనా అలాగే చేయండి. మత్తు ఇచ్చేవారికీ కీమో ఇచ్చేవారికీ మీరు మింగినదంతా తెలియాలి.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. పక్క మంచం కుర్రవాడు ఇంకా మూలుగుతుండగానే, 64 ఏళ్ల నేను మూడో రోజున వరండా చివరి వరకు నడిచాను. గడ్డతో పాటు తీసిన 16 లింఫ్ గ్రంథుల్లో రెండింటికి వ్యాధి సోకిందనీ, అది మూడో దశ అనీ రిపోర్టు వచ్చింది. ఆ రెండూ ఆ రెండు నెలల్లోనే చెడ్డాయా అని అడిగితే, అది ఎవరూ చెప్పలేరన్నారు. ఎప్పుడు చెడినా, మూడు వారాలకొకసారి చొప్పున ఎనిమిది విడతల కీమో తప్పలేదు. ఇప్పటికి మూడు అయ్యాయి.

కీమోలో ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ మందు ఎక్కించాక కొన్నాళ్లు చల్లనిది ముట్టుకుంటే వేళ్లలో కరెంటు పాకినట్లుంటుంది. నిన్న బావగారు గోధుమగడ్డి రసం తెచ్చి, ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం ఆ సీసాను నా చేతికిచ్చారు. పట్టుకోగానే బల్ల మీద ఠక్కున పెట్టేశాను. నేను కోపంతో అలా చేశానని ఆయన చిన్నబుచ్చుకొని వెళ్లిపోయారు. అసలు కారణం నేను చెప్పలేదు.