మోడం లేని రాత్రి

నిన్న రాత్రి డాబా మీద పడుకుని గజగజా వణికా. పొద్దున్నే బందర్లో అమ్మకి ఫోన్ చేసి చెప్తే నమ్మలేదు, ఫిబ్రవరి చివర్లో అనంతపురంలో చలేంట్రా, మొన్నేగా ఎండకి తల మాడిపోతోందన్నావ్ అని ఒకటే నవ్వు. రెండూ నిజమే మరి. మధ్యాహ్నం ఫోన్లో 35 చూపించింది, బైక్ సీటు మీద కర్చీఫ్ వేసుకుంటే గానీ కూర్చోలేకపోయా. రాత్రి పది దాటినా గదిలో స్లాబు పెనంలా సెగ కొడుతుంటే ఇంక లాభం లేదని చాపా దిండూ పట్టుకుని పైకి బయల్దేరా. ఓనరు వాళ్ల అవ్వ వసారాలో మంచం మీంచి చూసి "కంబళి తీస్కపో నాయనా, మోడం లేదు, తెల్లారుజామున సలి పెడ్తాది" అంది. మోడం అంటే మబ్బని ఈ ఊరొచ్చాకే తెలిసింది నాకు. చెమటలు కారుతుంటే కంబళేంటి, వద్దులే అవ్వా అనేసి వెళ్ళిపోయా.

నాలుగింటికి మెలకువొచ్చింది, 19. అంటే 16 డిగ్రీల తేడా. అమ్మని అడిగితే అక్కడ పగలు 30, తెల్లారికి 23 అట, ఏడే.

ఇసుక తొందరగా కాగి తొందరగా చల్లారుతుందని స్కూల్లో చదివాం కదా, అది సగం సంగతే అనిపించింది మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంటే. మా బందర్లో ఎండ సగం కాలవల్లో, చేలల్లో, సముద్రంలో నీళ్ళని ఆవిరి చెయ్యడానికే అయిపోతుంది. ఇక్కడ ఏడాదంతా కలిపి పడేదే 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా, ఫిబ్రవరికి ఆవిరవడానికి నేలలో ఏముంటుంది, వచ్చిన ఎండంతా నేలనీ గాలినీ కాల్చడానికే. పొడి మట్టిలో వేడి లోపలికి పెద్దగా దిగదు కూడా, పైపైనే ఉండి పొద్దు గూకగానే ఆకాశంలోకి పోవడం మొదలెడుతుంది. గాలిలో తేమ ఉంటే ఆ వేడిని పట్టుకుని కొంత మళ్ళీ కిందకి పంపిస్తుంది, మబ్బుంటే ఇంకా ఎక్కువ. ఇక్కడ ఆ రెండూ లేవు. ఇంకోటి, బందర్లో రాత్రి కొంచెం చల్లబడేసరికి మంచు కురుస్తుంది, తేమ నీరయ్యేటప్పుడు దాన్లో ఉన్న వేడి బయటికొస్తుంది కాబట్టి చలి అక్కడితో నెమ్మదిస్తుంది. పొద్దున్నే బైక్ తుడవనిదే ఎక్కలేం అక్కడ, ఇక్కడ సీటు మీద దుమ్ము తప్ప చుక్క తడి ఉండదు, సూర్యుడొచ్చేదాకా వేడి అలా పడిపోతూనే ఉంటుంది.

ఎక్కడో చదివా, 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషాయన రాశాడట, అలహాబాద్ వైపు చలికాలం రాత్రుళ్ళు ఆరుబయట గడ్డీ దంట్లూ పరిచి వాటి మీద పల్చటి మట్టి మూకుళ్ళలో నీళ్ళు పోసి ఉంచితే తెల్లారేసరికి ఐసు కట్టేదని, మామూలుగా అయితే ఐసు అనేదే కనపడని ఊళ్ళు అవి. నిన్న నేనూ ఆ మూకుడు లాంటోణ్ణే.

తట్టుకోలేక కిందకి దిగొస్తే అవ్వ పల్చటి నూలు దుప్పటి కప్పుకుని హాయిగా గురక పెడుతోంది. ఇదే ఊరు, ఇదే గాలి. కాకపోతే ఆవిడకీ ఆకాశానికీ మధ్య వసారా కప్పు ఉంది, నాకు ఏమీ లేదు.

ఈ పొడిగాలిని మరీ తిట్టుకోకూడదులే, కూలర్ పనిచేసేది దీని పుణ్యానే. బందర్లో కూలర్ పెడితే గదంతా జిడ్డు జిడ్డు, ఇక్కడ మాత్రం ఏసీ అక్కర్లేదు.

ఇవాళ సాయంత్రం బుద్ధిగా నేనే వెళ్ళి అవ్వా కంబళి ఇవ్వవా అన్నా. వసారాలోంచి తల బయటికి పెట్టి పైకి చూసి, "ఈ పొద్దు ఎందుకు నాయనా, మోడం పట్టింది గదా, ఉక్క పోస్తాది" అంది.